సున్యో దవడ కుట్లు

“నోరు తెరువు, చూస్తాను,” అంది గిల్నాం.

“డాక్టరు తెరవొద్దన్నాడు.”

“తెరవకుండా గంజి ఎలా తాగుతున్నావే? చెవిలోంచా?”

నెగడు చుట్టూ కూర్చుని ఒళ్ళు కాచుకుంటున్న ఆడవాళ్ళు పకపకా నవ్వారు. సున్యో నవ్వలేదు. ఉబ్బిన బుగ్గ మీద రుమాలు ఇంకాస్త బిగించి, “నవ్వితే కుట్లు తెగుతాయిట,” అంది.

గిల్నాంకి ఒళ్ళు మండిపోయింది. మండదా మరి? కొరియాలోని జేజూ దీవిలో ఆ ఊరి ఆడవాళ్ళంతా ఊపిరి బిగబట్టి సముద్రంలో మునిగి, నత్తలూ నాచూ ఏరుకొచ్చేవాళ్ళే. లోతుకి ఒంటరిగా పోకూడదు. ఎవరి నీటి నేస్తం వాళ్ళకుండాలి, ఒకతె మునిగితే రెండోది పైన కనిపెట్టుకుని ఉండాలి. నేస్తం రాని రోజున ఎంతటి మొనగత్తె అయినా ఒడ్డు పక్క నడుంలోతు నీళ్ళలో, ముసలివాళ్ళకని వదిలిన చోట, నాచు పీక్కోవలసిందే. ‘అవ్వల కడలి’ అంటారు దాన్ని. డెబ్భై ఆరేళ్ళొచ్చినా గిల్నాం ఏనాడూ అందులో కాలు పెట్టలేదు. యాభై ఎనిమిదేళ్ళుగా ఆమె నేస్తం సున్యోనే. సరిగ్గా అబలోన్ నత్తలు పట్టే వారం వచ్చేసరికి, ఈ మహాతల్లి వెళ్ళి పై దవడలో ఇంప్లాంటు పన్ను పెట్టించుకొచ్చి కూర్చుంది!

“ఒక్క పన్నుకి ఇంత రాద్ధాంతమా? పిల్లని కన్న నాలుగో రోజున మునిగినదాన్నే నేను!”

“నువ్వు నోట్లోంచి కన్లేదుగా,” అంది సున్యో.

మళ్ళీ నవ్వులు. గిల్నాం నవ్విన వాళ్ళందరినీ పేరుపేరునా గుర్తు పెట్టుకుంది.

“పై దవడ ఎముక పల్చబడిందిట. ఎముకపొడి కూరి కుట్టారు,” అని సున్యో బళ్ళో పాఠం అప్పజెప్పినట్టు అందుకుంది. “మూడో రోజుకి వాపు ముదురుతుంది. పదో రోజుకి కుట్లు విప్పుతారు. ఎముక అతుక్కోవడానికి ఆరు నెలలు. గట్టిగా ఉమ్మకూడదు, గొట్టంతో పీల్చకూడదు, కారం ముట్టకూడదు. ఊపిరి బిగబట్టి మునిగితే ముక్కులోంచి ఒత్తిడి తన్ని అంతా పిగిలిపోతుంది.”

“అబ్బో! పన్ను కట్టించుకోడానికి వెళ్ళి డాక్టరీ చదివొచ్చిందర్రా!”

జట్టు పెద్ద మాత్రం నవ్వలేదు. “సున్యో పెద్దమ్మ లేకుండా నువ్వు లోతుకి పోవడానికి లేదు పెద్దమ్మా. మునగొచ్చని పళ్ళ డాక్టరు దగ్గర్నించి చీటీ రావాలి. అందాకా ఒడ్డునే.”

అంతే. మర్నాడు గిల్నాం మసక పట్టకుండా నీటి కళ్ళద్దాలకి మాచిపత్రి రుద్దుకుని, మునగడానికి బరువుగా సీసపు నడికట్టు బిగించుకుని, అవ్వల కడలిలో దిగింది. ఎనభై తొమ్మిదేళ్ళ ముసలమ్మ ఒకావిడ బోసినోటితో ఆహ్వానించింది కూడా: “రామ్మా, కొత్త కోడలా!”

సిగ్గుతో చచ్చినంత పనైంది. లోతు మానేసి ఇక్కడే దిగమని కూతురు చెప్పినప్పుడు ఫోను ఠక్కున పెట్టేసిన మనిషి ఆమె. పోయిన చలికాలం లోతులోంచి పైకి తేలినప్పుడు ఆమె పెదాలు నేరేడుపళ్ళలా నల్లబడ్డాయి. ఊపిరి వదిలేటప్పుడు వచ్చే ఈల కూడా ఎంతసేపటికీ రాలేదు. “చలికి,” అని దబాయించింది. పట్నం డాక్టరు గుండె బాగాలేదంటే, “వాడికి ఈత వచ్చా?” అంది. “ఇద్దరం మానేద్దామే,” అని సున్యో బతిమాలితే వారం రోజులు మాట్లాడలేదు. మానేస్తే ఆమెకింక ఏం మిగులుతుంది? లోతులో గిల్నాంని మించిన మనిషి లేదన్న ఆ ఒక్క మాటే కదా ఆమె ఆస్తి!

ఆ కసంతా సున్యో మీద తీర్చుకుంది. రోజూ సున్యో ఒడ్డున బండ మీద, జబ్బుపిల్లిలా, సముద్రం వైపు కళ్ళప్పగించి కూర్చునేది. గిల్నాం నీళ్ళలోంచే అరిచేది.

“చూడు చూడు, నీ దవడ ఎగిరిపోతుందేమో, పట్టుకో!”

మూడో రోజున వాపు ఇంకా ముదిరింది. నాలుగో రోజున గిల్నాం బలవంతాన సున్యో గడ్డం పట్టుకుని నోరు తెరిపించింది. లోపల, వెనకెక్కడో, నల్లటి పోగు కనబడింది.

“అది దారమా, నాచు ముక్కా?”

“కుట్టే!” అని సున్యో చటుక్కున నోరు మూసుకుంది.

“నా కళ్ళకి నాచులాగే ఉంది. కడుక్కోడానికి కూడా భయమేనా, పిరికిదానా!”

పదో రోజున రుమాలు తీసేసి, కుట్లు విప్పారంది సున్యో. ఎముక ఇంకా పచ్చిగా ఉందిట. నెలైంది, ఇంకా పచ్చిగానే ఉందిట. జట్టంతా ముల్లంగి కిమ్చి ఊరగాయ కరకరా నములుతుంటే పక్కన కూర్చుని గంజి తాగేది. చిక్కి సగమైంది.

“పచ్చిగా ఉన్నది నీ ఎముక కాదు, నీ గుండె! ఈ వయసులో నీకు సముద్రమంటే భయం పుట్టింది. ఒప్పుకోవడానికి సిగ్గేసి పన్ను వెనక దాక్కున్నావు,” అని అందరి ముందూ కడిగేసింది గిల్నాం.

“అలాగే అనుకో,” అంది సున్యో.

ఆ తలొగ్గిన మాటకి అసహ్యం పుట్టుకొచ్చింది గిల్నాంకి. రెండు నెలలు నిండాక ఇంక ఓపిక పట్టలేక, తనే నత్తల బుట్ట చంకనేసుకుని పళ్ళ ఆసుపత్రికి బస్సెక్కింది.

“సున్యో అని, మా ఊరావిడ. మునగొచ్చని ఆవిడ పేర చీటీ రాయించు తల్లీ,” అంది అక్కడి అమ్మాయితో. “కుట్లు విప్పి యాభై రోజులైంది. పిరికిముండ, అది అడగదు.”

ఆ అమ్మాయి కంప్యూటర్లో వెతికింది, మళ్ళీ వెతికింది.

“కుట్లా? ఆ... గుర్తొచ్చారు. ‘మనిషిని ఎక్కువ నెలలు నీళ్ళలో మునక్కుండా ఆపే పన్ను ఏది?’ అని అడిగినావిడ కదూ?”

“ఏమిటీ?”

“పై దవడ పన్నని డాక్టరుగారు చెప్పారు. వాపు ఎన్నాళ్ళుంటుంది, కుట్లు ఎప్పుడు విప్పుతారు, ఏం తినకూడదు, అన్నీ నాచేత కాగితం మీద రాయించుకున్నారు.”

“ఊఁ, తర్వాత?”

“పన్ను పెట్టించుకోలేదు, అవ్వా.”