కదలని చేతులు

"నువ్వు చెయ్యి పెట్టాకే పోయింది!" అన్నాడు ఫోటో స్టూడియో ఓనరు.

కంప్యూటర్ మెకానిక్ స్క్రూలు విప్పుతూనే ఉన్నాడు. ఈ మాట అతనికి అలవాటే. కంప్యూటర్‌లో కొత్త పార్టు వేసిన మర్నాడు ఇంట్లో గోడ గడియారం ఆగినా అతన్నే అంటారు.

నిన్న ఈ స్టూడియో కంప్యూటర్‌కి కొత్త బోర్డు, కొత్త పవర్ సప్లై వేసి వెళ్ళాడు. ఫోటోలన్నీ అందులోనే ఉన్నాయి కదాని పాత హార్డ్ డిస్క్‌ని మాత్రం అలాగే తగిలించాడు. పొద్దున ఆన్ చేసేసరికి అది టిక్కు టిక్కుమంటోందే తప్ప తెరుచుకోవడం లేదు.

బయట కౌంటర్ దగ్గర పెళ్ళివాళ్ళ గోల. పెళ్ళి ఫోటోలన్నీ ఆ డిస్క్‌లోనే ఉన్నాయి. కెమెరా కార్డులు ఖాళీ చేసి వేరే పనికి వాడేసుకున్నాడు ఓనరు. కొత్త పెళ్ళికూతురు ఏడ్చి ఏడ్చి అలసిపోయి గోడకి ఆనుకుంది. ఆమె తమ్ముడు మాత్రం ఇంకా అలసిపోలేదు.

వెనక గదిలో మెకానిక్ కేబుల్ మార్చాడు. టిక్కు టిక్కు.

వేరే పిన్నుకి పెట్టాడు. టిక్కు టిక్కు.

పాత పవర్ సప్లై తెచ్చి తగిలించాడు. అదే పాట.

అంటే కొత్త పార్టుల తప్పు లేదు. డిస్కే పోతోంది. తన తప్పు కాదని తేలినందుకు సంతోషించే ఓపిక కూడా అతనికి లేదు. ఈ ఫోటోలు రాకపోతే ఇక ఈ వీధిలో తనని ఎవడూ గుమ్మం తొక్కనివ్వడు.

విసుగొచ్చి డిస్క్‌ని చేత్తో పైకి తీశాడు. ఒక వాలులో పట్టుకోగానే టిక్కుటిక్కు ఆగింది. స్క్రీన్ మీద ఫోల్డర్లు వచ్చాయి.

అతనికి ప్రాణం లేచొచ్చింది. బల్ల మీద పెట్టగానే ఫోల్డర్లు మాయం.

మళ్ళీ ఎత్తాడు. మళ్ళీ వచ్చాయి.

ఎవరో ఒకరు దాన్ని అలాగే పట్టుకుని ఉండాలి. చుట్టూ చూశాడు. తలుపు పక్కన స్టూలు మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలీదు. పెళ్ళివాళ్ళ మనిషే అయ్యుంటాడు.

"పెద్దాయనా, ఇలా రండి."

పెద్దాయన లేచి వచ్చాడు. "బాబూ, నాది..." అంటూ ఏదో చెప్పబోయాడు.

"మాటలు తర్వాత. ముందు ఇది పట్టుకోండి. ఇదే వాలులో. కదిలించారో, అంతా గోవిందా."

పెద్దాయన నోరు మూసుకుని రెండు చేతులా పట్టుకున్నాడు.

పెళ్ళి ఫోటోలు ఒక్కొక్కటే కొత్త డిస్క్‌లోకి రావడం మొదలైంది. నత్తనడక. నడుమ నడుమ ఆగుతోంది, మళ్ళీ కదులుతోంది.

"చెయ్యి వణుకుతోంది, చూసుకోండి!" కసిరాడు మెకానిక్.

"వణకనివ్వను బాబూ," అని మోచేతులు పొట్టకి ఆనించుకున్నాడు పెద్దాయన.

పెళ్ళికూతురి తమ్ముడు లోపలికి తొంగి చూశాడు. "ఇంకా ఎంతసేపు?"

మెకానిక్ స్క్రీన్ మీంచి కళ్ళు తిప్పలేదు. తమ్ముడు విసురుగా వెళ్ళిపోయాడు.

చాలాసేపటికి మెకానిక్‌కే జాలేసింది. "చేతులు లాగట్లేదా? వేరే ఎవర్నైనా పిలవనా?"

"వద్దు. చేతులు మారితే మళ్ళీ ఆగిపోతుందేమో. ఆ అమ్మాయి ఏడుస్తోంది. ముందు ఆ పెళ్ళి గట్టెక్కనివ్వండి."

మంచి బంధువే, అనుకున్నాడు మెకానిక్. తన బంధువుల్లో ఇలాంటివాడు ఒక్కడూ లేడని కూడా అనుకున్నాడు.

చివరి పెళ్ళి ఫోటో వచ్చింది. "వచ్చేశాయి!" అని బయటికి కేకేశాడు మెకానిక్. ఆ వెంటనే డిస్క్ కీచుమని అరిచి చల్లబడింది. మెకానిక్ అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ఉలుకూ పలుకూ లేదు.

"ఇంక రాదా బాబూ?"

"రాదండీ. దాని పని అయిపోయింది. పోతేపోయిందిలెండి, మనకి కావలసినవి వచ్చేశాయిగా!"

పెద్దాయన కాసేపు చేతిలోని డిస్క్ వంకే చూశాడు. తర్వాత దాన్ని చప్పుడు కాకుండా బల్ల మీద పెట్టాడు. బయట పెళ్ళికూతురు నవ్వుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"పోనీలెండి," అని చేతులు నలుపుకుంటూ వెళ్ళిపోయాడు.

మెకానిక్ బయటికి వచ్చి పెళ్ళికూతురి తమ్ముడితో అన్నాడు. "మీ పెద్దాయనకి దణ్ణం పెట్టండి. ఆయన చేతులే మీ ఫోటోల్ని దక్కించాయి."

"మా పెద్దాయనా? ఆయన మీ మనిషి కాదా?"

మెకానిక్ వెనక్కి తిరిగి ఖాళీ స్టూలు వంక చూశాడు.

ఓనరు హడావిడిగా వచ్చాడు. "ఆయనేడీ? ఆయన ఫోటో ఆ డిస్క్‌లోంచి తీసిచ్చావా?"

"ఏ ఫోటో?"

"అయ్యో, చెప్పలేదా! అందరికంటే ముందొచ్చాడయ్యా. నేనీ గోలలో ఉండి, లోపలికెళ్ళి నీకే చెప్పుకోమన్నాను. ఒక్కటంటే ఒక్క ఫోటో."

మెకానిక్ వీధిలోకి పరుగెత్తాడు. జనంలో ఆ పెద్దాయన ఎక్కడా కనిపించలేదు. ఒక్క ఫోటో. కన్ను మూసి తెరిచేలోగా వచ్చేసేది. తనే నోరు మూయించాడు. సిగ్గుతో తల వంచుకుని లోపలికి వచ్చాడు.

"ఎవరిదండీ ఆ ఫోటో?" అడిగాడు నీరసంగా.

ఓనరు కుర్చీలో కూలబడ్డాడు.

"కెమెరా అంటేనే మొహం చాటేసే భార్యని బతిమాలి బతిమాలి, పోయిన నెల ఇక్కడికి తీసుకొచ్చి, జన్మలో మొదటిసారి ఇద్దరూ కలిసి దిగిన ఫోటో అది... ఆవిడ పోయి వారం కూడా కాలేదు."