గెస్టు బ్యాడ్జీ

“ఈ గెస్టు బ్యాడ్జీ నేను పెట్టుకోను.” రేణుక దాన్ని క్లబ్బు రిసెప్షన్ బల్ల మీదికి విసిరింది. “ఇవాళ హాల్లో పెట్టేది మా నాన్న పటం. తెర తీసేది నేను. నేను గెస్టునా?”

“అక్కా, అందరూ చూస్తున్నారు,” అన్నాడు దుర్గాశంకర్. తండ్రి పోయాక ఆయన మెంబర్‌షిప్ అతని పేరు మీదికి మారింది.

“చూడనివ్వరా. ఆటోనగర్‌లో నాన్న షాపు ఇన్నేళ్లుగా నడుపుతున్నది నేను. క్లబ్బుకి మాత్రం వారసుడివి నువ్వా?”

సెక్రటరీ వెంకటకృష్ణారావు గొంతు తగ్గించాడు. “పెళ్లయిన ఆడపిల్లలకి మెంబర్‌షిప్ ఇవ్వకూడదని రూలుందమ్మా. బెజవాడలో ఇంత పాత క్లబ్బు...”

“తెల్లదొరల కాలం రూలా?”

“కాదమ్మా.” ఆయన బల్లకేసి చూస్తూ అన్నాడు. “మీ నాన్నగారు ప్రెసిడెంటుగా ఉన్నప్పుడు పెట్టింది. మేం వద్దన్నా పట్టుబట్టారు. మీ పెళ్లయిన ఏడాదే.”

రేణుక బ్యాడ్జీ తీసుకుని, భుజం మీద చీరకి తనే పిన్ను పెట్టుకుంది.

హాల్లో అందరూ లేచి నిలబడ్డారు. ఆమె తాడు లాగింది. తెర వెనక కోటు వేసుకుని నాన్న నవ్వుతున్నాడు. ఊహ తెలిసినప్పటి నుంచీ ఆమె ఆయన్ని ‘నువ్వు’ అనే పిలిచింది.

ఎవరో మైకు అందించారు. రేణుక పటం వైపు తిరిగి చేతులు జోడించింది.

“నమస్కారమండీ, ప్రెసిడెంటు గారూ. మీ క్లబ్బు బాగుందండీ.”