అరవై కిలోలు

"సగంలో ఆపు," అన్నారు పరీక్ష పెట్టడానికి వచ్చిన మేడమ్.

కెప్టెన్ చూపుడువేలు స్విచ్ మీద బిగుసుకుపోయింది. ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు కోసం నలుగురు స్నేహితులు కలిసి తయారుచేసిన మోటారు బండి అది. జట్టుని నడిపించేది ఆ అమ్మాయే కాబట్టి కెప్టెన్ అని పేరు పడింది. మూడు బస్తాలతో ర్యాంపు మీద సగం దాకా ఎక్కింది. ఆమె ఆపింది. బండి జారకుండా నిలబడింది.

"ఇప్పుడు ఎక్కించు."

మోటారు గుర్రుమంది. చెయిన్ బిగిసింది. బండి ఏ మారాం చెయ్యకుండా పైకెక్కి కూర్చుంది. వర్క్‌షాపులో ఉన్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు.

"బరువెంత?"

"అరవై కిలోలు మేడమ్."

నాలుక ఏమాత్రం తడబడలేదు. అబద్ధం అంత నున్నగా ఎలా జారిందో కెప్టెన్‌కే అర్థం కాలేదు.

బస్తాల్లో పైన బెత్తెడు ఇసుక, కింద అంతా రంపపు పొట్టు. ముందు రోజు నిజం ఇసుకతో ఎక్కిస్తే సరిగ్గా సగంలో చెయిన్ పళ్లు దాటేసి, బండి వెనక్కి జారింది. నాలుగుసార్లు పళ్లచక్రం మార్చారు. నాలుగుసార్లూ అదే వరస. "రేపు ఒక్కపూట గట్టెక్కితే చాలు," అంటూ పొట్టు ఆలోచన చెప్పింది కెప్టెనే. మిగతా ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు గానీ, వద్దన్నవాళ్లు లేరు.

చప్పట్లు ఆగాక ఒకావిడ ముందుకొచ్చింది. ఆసుపత్రిలో మాసిన దుప్పట్లు లాండ్రీకి మోసేది ఆవిడే. బండి ఆవిడ కోసమే.

"మా దుప్పట్లు కూడా అంతే బరువుంటాయి తల్లీ. మా ర్యాంపూ అచ్చం ఇట్లాంటిదే. రేపట్నించే తీసుకుపోవచ్చా?"

కెప్టెన్ బస్తాల వంక చూసింది.

"నా నడుము నీకు దండం పెడుతోంది," అని నవ్విందావిడ. "ఇంక తొయ్యక్కర్లేదుగా. అయినా వెనకాల ఓ చెయ్యేసే నడుస్తాలే. పదకొండేళ్ల అలవాటు, ఊరికే పోదు."

వెనకాల. కెప్టెన్ కళ్ల ముందు చెయిన్ పళ్లు దాటింది. అరవై కిలోలూ బండితో సహా ఆవిడ మీదికి వస్తున్నాయి. ఆవిడేమో కెప్టెన్ చేతిని రెండు చేతుల్లోకి తీసుకుని నిమురుతోంది. చెయ్యి వెనక్కి లాక్కోవాలనిపించింది, లాక్కోలేకపోయింది. మొహం మీద ఎవరో నిప్పులు పోసినట్టుంది.

మేడమ్ మార్కుల కాగితం పట్టుకుని పక్కగదిలోకి వెళ్లిపోయారు. లాండ్రీ ఆవిడ టీ తాగొస్తానని బయటికి వెళ్లింది.

"చేతులు కడుక్కొస్తా," అంటూ జట్టులోని పొడుగోడు ఎటో పోయాడు. సోడాబుడ్డి అని పిలిచే ఇంకొకడు కళ్లద్దాలు తుడుచుకుంటూ, ఫోన్ ఎక్కడో మర్చిపోయానని వెళ్లాడు. ఇద్దరూ తిరిగొచ్చారు గానీ ఎవరూ ఎవరి వంకా చూడలేదు. వసపిట్ట అని పేరు పడ్డ నాలుగో పిల్ల స్టూలు మీద కూర్చుని గోళ్లు కొరుకుతోంది. దాని నోట మాటే లేదు.

"ఇప్పుడే వస్తా," అంది కెప్టెన్. ఎక్కడికని ఎవరూ అడగలేదు.

పక్కగది తలుపు కొట్టి లోపలికెళ్లింది.

"మేడమ్, ఆ బస్తాల్లో ఉన్నది ఇసుక కాదు. రంపపు పొట్టు." అంది కెప్టెన్. "ఆలోచన నాది. మిగతావాళ్లకేం తెలీదు. వాళ్ల మార్కులు తియ్యకండి."

మేడమ్ ఆశ్చర్యపోలేదు, కోప్పడనూ లేదు.

"బండి పని చెయ్యదా?"

"అరవైకి చెయ్యదు. ముప్ఫై దాటితే చెయిన్ జారుతుంది. దయచేసి ఆవిడకి ఇవ్వకండి మేడమ్. మేం ఇంకా సరిచెయ్యాలి."

"నీకు మార్కులు పోతాయి. తెలుసుగా?"

"తెలుసు."

"చప్పట్లు కొట్టినవాళ్లందరికీ నువ్వే చెప్పాలి. ముందు ఆవిడకి చెప్పాలి."

కెప్టెన్ తలూపింది. తల ఎత్తే ధైర్యం లేక, నేల చూస్తూనే వెనక్కి నడిచి, తలుపు దగ్గరకి లాగబోయింది.

"వెయ్యకమ్మా, తీసే ఉంచు," అన్నారు మేడమ్, కాగితం మీంచి తలెత్తకుండా. "నీతో కలిపి ముగ్గురొచ్చారు, ముగ్గురూ ఆలోచన తనదేనన్నారు. ఇంకొకరు రావాలిగా."