ఊఁ అంటే చాలు

"పెద్దాయనా, మళ్ళీ తయారయ్యారా? మీకు వేరే పనేం లేదా?"

స్కానింగ్ గది టెక్నీషియన్ విసుక్కుంది. పొద్దుటినుంచి పదిహేను తలలు చూసింది. ఇంకా ఆరున్నాయి. నడుం పడిపోతోంది. మంచిగా మాట్లాడే ఓపికెక్కడిది!

నెల రోజులుగా ఆ ముసలాయన అక్కడే మకాం. స్కానూ లేదు, చీటీ లేదు. బెంచీ మీద చేరి వచ్చినవాళ్ళందరికీ పాఠం చెబుతాడు.

ఆ రోజు పక్కనున్న పెద్దావిడ భయంతో బిగుసుకుపోయింది.

"మొన్ననే సీటీ తీశారు కదా తమ్ముడూ, మళ్ళీ ఈ ఎమ్మారై ఎందుకు?"

"సీటీ అంటే ఎక్స్-రే అక్కా. ఐదు నిమిషాల పని. రక్తం కారితే ఇట్టే పట్టేస్తుంది. చిన్న మచ్చలుంటే దాటేస్తుంది. ఇది అయస్కాంతం. అరగంట పడుతుంది, చెవులు చిల్లులు పడే రొద. కానీ నలుసంత మచ్చనైనా చూపిస్తుంది, తల కదలకపోతే."

"కదలనులే."

"మధ్యలో మైకులో 'బాగానే ఉందా' అని అడుగుతారు. తలూపారో, బొమ్మ చెడిపోతుంది. ఊఁ అనండి చాలు."

టెక్నీషియన్‌కి ఒళ్ళు మండింది. "నా మీద చాడీలా?"

"కాదమ్మా, ఆ ప్రశ్న..."

"నాకు పాఠాలు చెప్పకండి!"

గార్డును పిలిచి బయటికి పంపించేసింది. ఆయన వెళ్ళిపోయాడు.

మర్నాడు మొదటి మనిషిని స్కాన్ మధ్యలో మైకులో అడిగింది. "బాగానే ఉందా?"

అతను చక్కగా తలూపాడు. బొమ్మ అలికేసినట్టయింది. మళ్ళీ తీయాల్సి వచ్చింది.

రెండో మనిషీ ఊపాడు. మూడో ఆవిడా ఊపింది.

ఈ నెల ఒక్క బొమ్మా చెడలేదని పెద్ద డాక్టరు మెచ్చుకుంటే, తన చెయ్యి మంచిదని మురిసిపోయింది పాపం. తప్పు తనది, రోజూ దిద్దింది ఆయన. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

గార్డు దగ్గరికి పరుగెత్తింది. "ఆయన్ని పిలుచుకురా. కాళ్ళు పట్టుకునైనా అడుగుతాను."

"ఇంకెక్కడి ఆయన మేడమ్! ఈ ఊళ్ళో ఇంకేం పనుందని పొద్దున్నే సామాను సర్దుకుని వెళ్ళిపోయారు."

"అసలెవరాయన?"



"మూడు నెలల కిందట మీరడిగితే ఒకావిడ తలూపిందట మేడమ్. బొమ్మ మసకబారినా చాల్లే అని పంపించేశారట. మచ్చ ఆ మసకలోనే ఉండిపోయిందట. తెలిసేసరికి ఆవిడ దక్కలేదు. ఆవిడ భర్తే ఆయన."