వరుసకో రేకు

"బె... ల్లం." డబ్బా మీద వేలు పెట్టి కూడబలుక్కుంది, కొట్టు ముందు ఆగిన పెద్దావిడ.

ఆత్రేయపురంలో రోడ్డు పక్కన శ్రీదుర్గ పూతరేకుల కొట్టు అది.

"అది బెల్లం, ఇది పంచదారండి," సాయం చేసింది శ్రీదుర్గ. "చిన్నప్పుడు బడికి పంపలేదాండి?"

"పంపారమ్మా. రెండో తరగతిలో మూడేళ్లు కూర్చోబెట్టారు కూడా."

శ్రీదుర్గ గిరుక్కున తిరిగి చూసింది. వెనక అరుగు మీద ఆమె ఎనిమిదేళ్ల కూతురు హేమశ్రీ, తెలుగు వాచకాన్ని ఓ మూలకి విసిరేసి, విరిగిన రేకులు ఏరుతోంది.

"మా అమ్మాయీ అంతేనండి. అక్షరాలు కుదురుగా నిలబడవంటుంది. రాజమండ్రి డాక్టరు గారు డిస్లెక్సియా అని రాసిచ్చారు. మా అత్తగారి కంట పడకుండా ఆ కాగితం బియ్యం డబ్బాలో దాచాను."

"పొరపాటున వండేస్తారు, చూసుకోండి."

శ్రీదుర్గకి నవ్వు రాలేదు.

"సోమవారం నుంచి బడి మాన్పించేసి, రేకులు తీయడం నేర్పుతానండి. లేకపోతే, ఏమీ అనుకోకండి, దీనికీ మీ గతే పడుతుంది."

ఆవిడ ఏమీ అనుకోలేదు. మూలనున్న వాచకం తీసి, మొదటి పేజీ చూసి నవ్వుకుంది.

"ఎవరు రాశారో గానీ, కాస్త కష్టంగానే రాశారు."

"రాసినవాళ్లకేమండి! ఏడ్చేది మనం కదా."

"అంతే, అంతే."

ఆవిడ హేమశ్రీ పక్కన చతికిలబడింది. పాఠంలో పై వరుసల మీద రెండు రేకులు, కింది వరుసల మీద రెండు రేకులు పరిచింది. మధ్యలో ఒక్క వరుసే మిగిలింది.

"తొందర లేదు. వేలు పెట్టి చదువు. వరుసకో రేకు నీది."

హేమశ్రీ చదివింది. తినేసింది. ఇంకో వరుస చదివింది.

"అమ్మగారూ, పాఠం అయ్యేసరికి నా కొట్టు కూడా అయిపోయేలా ఉందండి!"

ఆవిడ పకపకా నవ్వి లేచింది. "నేను తుని వెళ్తున్నాను. రెండు డబ్బాలు రామచంద్రపురంలో మా ఇంటికి పంపించండి. పేరు మీరే రాయండమ్మా. నేను రాస్తే పార్సిల్ ఎటో పోతుంది."

శ్రీదుర్గ జాలిపడి, ఆవిడ చెప్పిన పేరు గుండ్రటి అక్షరాలతో రాసింది. ఆవిడ బస్సెక్కేసింది.

సాయంత్రం శ్రీదుర్గ గుడ్డని పిండిలో ముంచి, వేడి కుండ మీద రేకులు తీస్తోంది. హేమశ్రీ వాచకాన్ని మళ్లీ మొదటి పేజీ నుంచి అందుకుంది.

"ర... చ... న." ఒక రేకు నోట్లోకి వెళ్లింది.

"న... ల్లి... సం... పూ... ర్ణ... మ్మ."

పిల్ల తలెత్తి బల్ల మీది పార్సిల్ వంక చూసింది. మళ్లీ పుస్తకం చూసింది.

"అమ్మా, అక్కడ నువ్వు రాసిందీ ఇదేగా? కింద రామచంద్రపురం అని కూడా ఉంది."

శ్రీదుర్గ చేతిలోని పిండిగుడ్డ గాల్లోనే ఆగిపోయింది. కుండ మీది రేకు మాడింది.

"అమ్మా, నాకు నిజంగా ఆవిడ గతే పడుతుందా?"

శ్రీదుర్గ లేచి, బియ్యం డబ్బాలోంచి డాక్టరు కాగితం తీసింది. గింజలు దులిపి, పిల్ల బడిసంచీలో పెట్టింది.

"పట్టాలనే, వాడపల్లి వెంకన్న చుట్టూ ఏడు శనివారాలు తిరగబోతున్నాను," అంది.