తమ్ముడి ఛాతీ మీద వాపు

“చొక్కా విప్పు,” అంది డాక్టరమ్మ.

వెల్డింగు పనిచేసే తమ్ముడి ఎడమ పక్కటెముకల మీద నిమ్మకాయంత వాపు. చూడగానే వెంట వచ్చిన అక్కకు కోపం ముంచుకొచ్చింది.

“క్షయ మందులు మొదలుపెట్టి నాలుగు నెలలైందమ్మా. వీడు మాత్రలు పారేస్తున్నాడు.”

“ఒక్కటీ మానలేదక్కా.”

“నోర్ముయ్. దిండు కింద చూశాను, చెత్తబుట్ట తిరగేశాను. ఒక్క మాత్రా దొరకలేదంటే ఎంత తెలివిగా మాయం చేస్తున్నాడో చూడండి!”

డాక్టరమ్మ వాపును నొక్కి చూసింది. ఎరుపు లేదు, వేడి లేదు. సూది గుచ్చి లాగితే సిరంజి నిండా చిక్కటి చీము వచ్చింది. స్కానింగు ఫిల్మును వెలుగుకు ఎత్తి చూసింది.

“ఊపిరితిత్తి చుట్టూ చేరిన చీము పక్కటెముకల సందులోంచి బయటికి తోసుకొచ్చింది. చాలా అరుదు. మందులు సరిగ్గా వాడుతున్నా ఒక్కోసారి ఇలా అవుతుంది. ఇతని కఫంలో క్రిములు పోయాయి, ఆరు కిలోలు బరువు పెరిగాడు. మాత్రలు పారేసేవాడు ఇలా కోలుకోడు. గొట్టం వేసి చీము తీసేస్తాం, తగ్గిపోతుంది. మాత్రలు మాత్రం ఆపకూడదు. కాకపోతే, కాస్త ముందే రావాల్సింది.”

అక్క మెల్లగా తమ్ముడి వైపు తిరిగింది.

“ఎప్పట్నుంచిరా ఇది?”

“నెల దాటింది.”

“మరి నాతో చెప్పవేం?”

వాడు చొక్కా గుండీలు పెట్టుకుంటూ తల దించుకున్నాడు.

“మాత్రలు పారేశానంటావని.”