పాత మైకు

"కొత్త హెడ్‌ఫోన్లూ, మైకూ భలే కుదిరాయిరా వెయ్‌కో! నీ గొంతు తప్ప ఇంకేం రావట్లేదు. పాతదాంట్లో మీ ఆవిడ గోల భరించలేకపోయేవాణ్ణి," అన్నాడు అవతల ఔలు నగరంలో ఉన్న ఇల్మరి.

మౌస్ మీద వెయ్‌కో చెయ్యి ఆగిపోయింది. ఏళ్ల తరబడి ఆన్‌లైన్ గేముల్లో జోడీగా ఆడుతున్నా ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు, ఇంటి సంగతులు చెప్పుకోలేదు. వెయ్‌కో భార్య ఐలా పోయి ఏడాది దాటింది.

"ఏ గోల?"

"రోజూ వెనకనుంచి ఏదో అంటూనే ఉంటుందిగా."

వెయ్‌కో హెడ్‌ఫోన్లు తీసి చెవులు రిక్కించాడు. ఇల్లంతా నిశ్శబ్దం. హెడ్‌ఫోన్లు మళ్లీ పెట్టుకుని, పాత మైకు తగిలించాడు.

"ఇప్పుడేమంటోంది?"

"చలేస్తోందట, తలుపు తియ్యమంటోంది. తియ్యరా బాబూ, పాపం!"

పరుగున వెళ్లి తలుపు బార్లా తీశాడు. గుమ్మం ముందు మంచు మీద అడుగుజాడ కూడా లేదు. తలుపు అలాగే వదిలేసి వచ్చి కూర్చున్నాడు.

"తీశాను," అన్నాడు.

"ఎక్కడరా? ఇంకా బతిమాలుతూనే ఉంది."